పని వచ్చినా ధైర్యం రాకపోతే: ఒక ఉద్యోగిని కేస్ స్టడీ

పని నేర్చుకుంటే ధైర్యం వస్తుంది, ధైర్యం వస్తే పని ఇంకా బాగా వస్తుంది అని అందరం అంటుంటాం. చాలామంది విషయంలో అది నిజమే. ఈ కేసులో మాత్రం పని వచ్చింది, ధైర్యం రాలేదు. ఆ రెంటి మధ్య లంకె ఎక్కడ తెగిందో వెతకడమే ఇక్కడ అసలు పని అయింది. పెద్దవాళ్లకు కొత్త సాఫ్ట్‌వేర్లు, కొత్త పద్ధతులు నేర్పే ట్రైనర్లకు, ఉద్యోగుల కౌన్సెలర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. రాయడానికి ఆమె ఒప్పుకున్నారు.

నేపథ్యం

ఆమెకు నలభై దాటాయి. ఒకప్పుడు అకౌంట్స్‌లో చాలాకాలం పనిచేసి, ఇంటి బాధ్యతల వల్ల మానేసి, పిల్లలు పెద్దయ్యాక మళ్లీ చేరారు. ఈలోగా పని తీరే మారిపోయింది. అప్పట్లో లెడ్జర్ ముందేసుకుని చేసిన లెక్కలన్నీ ఇప్పుడు ఎక్సెల్ షీట్లలో ఉన్నాయి. వేరే వేరే శాఖల నుంచి వచ్చే షీట్లను కలిపి నెలవారీ రిపోర్టు తయారుచేయడం ఆమె బాధ్యత. జమాఖర్చుల మీద ఆమెకున్న పట్టు ఆ టీమ్‌లో ఇంకెవరికీ లేదు. ఏ అంకె ఎక్కడ ఉండకూడదో చూడగానే చెప్పేస్తారు.

మేనేజర్ నా దగ్గరికి పంపుతూ క్లుప్తంగా రాశారు: "పని వచ్చు. కానీ అడుగడుగునా అడుగుతారు."

సమస్య

ప్రతి ఫార్ములా తర్వాత ఆమె పక్క సీట్లో కుర్రాడిని పిలుస్తారు. "తమ్ముడూ, ఒక్కసారి చూడవా?" అతను తొంగి చూసి "కరెక్టే అక్కా" అంటాడు. అప్పుడుగానీ ఆమె తర్వాతి గడికి వెళ్లరు. అతను సెలవు పెట్టిన రోజున షీటు ప్రింట్ తీసి, కాలిక్యులేటర్‌తో మొత్తం మళ్లీ కూడుకుంటారు. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక కూడా కూర్చుంటారు. ఒక చిన్న రిపోర్టుకు పూర్తి బాధ్యత అప్పగిస్తామంటే వద్దన్నారు. "నాకు కంప్యూటర్ బుర్ర లేదండి" అన్నది ఆమె మాట.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇది పని రాకపోవడమా, నమ్మకం లేకపోవడమా, లేక వీటి వెనక డిప్రెషన్ లాంటిది ఇంకేదైనా ఉందా? నిద్ర, ఆకలి, ఇంట్లో వ్యవహారాలు, స్నేహాలు అన్నిటి గురించీ మాట్లాడాను. అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఇంటి లెక్కలు, పిల్లల చదువు నిర్ణయాలు ఆమే చూస్తారు, ఎవరినీ అడగరు. అంటే ఆత్మవిశ్వాసం మొత్తంగా లేని మనిషి కాదు. ఒక్క చోట, ఆ స్క్రీన్ ముందు మాత్రమే లేదు. కాబట్టి "నా మీద నాకు గౌరవం" లాంటి విశాలమైన విషయాల జోలికి వెళ్లనక్కర్లేదనుకున్నాను. ఒక్కో పని మీద ఆమెకున్న నమ్మకాన్ని చూడాలి.

అందుకే ఆమె రోజూ చేసే పనులనే వరసగా రాసి, ఒక్కోదాని పక్కన సున్నా నుంచి వంద వరకు అంకె వేయమన్నాను. ప్రశ్న ఒకటే: "ఎవరినీ అడక్కుండా దీన్ని చేయగలననే నమ్మకం మీకెంత?" రోజూ తప్పు లేకుండా చేస్తున్న పనులకు కూడా ఇరవై, ముప్పై వేశారు.

తర్వాత నా ఎదుటే ఒక షీటు చేయమన్నాను. నేను ఏమీ మాట్లాడనని ముందే చెప్పాను. ఒక షీట్లోని కోడ్‌ను బట్టి ఇంకో షీట్లో పేరు వెతికి తేవాలి. అందుకు వాడే వీలుకప్ (VLOOKUP) ఫార్ములా చక్కగా రాశారు. కిందికి లాగినప్పుడు రేంజ్, అంటే వెతకాల్సిన గళ్ల పరిధి, జారిపోకుండా డాలర్ గుర్తులు కూడా పెట్టారు. పేరు వచ్చింది. వెంటనే నా ముఖంలోకి చూశారు. నేను కదల్లేదు. "అంతేనా అండీ?" అన్నారు. నేను పలకలేదు. కాసేపు స్క్రీన్ వైపు, కాసేపు నా వైపు చూసి, సరిగ్గా ఉన్న ఆ ఫార్ములాను చెరిపేశారు.

ఈ కేసు మొత్తం నాకు అక్కడే కనబడింది. పని ఆమె చేతిలో ఉంది. అది సరైనదో కాదో చెప్పే అధికారం ఎదుటివాళ్ల ముఖంలో ఉంది.

అప్పటికే ప్రయత్నించినవి

నా దగ్గరికి రాకముందు మూడు జరిగాయి. సంస్థ ఆమెను ఎక్సెల్ కోర్సుకు పంపింది. మంచి మార్కులతో సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. కానీ కోర్సులో ఇచ్చే షీట్లు శుభ్రంగా ఉంటాయి, ఆఫీసులో వచ్చేవి అలా ఉండవు. కోడ్ల చివర ఖాళీలుంటాయి, అంకెలు టెక్స్ట్ రూపంలో ఉంటాయి, కాలమ్‌లు తారుమారవుతాయి. కోర్సులో వచ్చిన ఫార్ములా ఇక్కడ ఎర్రర్ ఇస్తే, "నాకు రాదు" అన్న మాటకు సాక్ష్యం దొరికినట్టయింది.

మేనేజర్ "మీరు చేయగలరు, టెన్షన్ పడకండి" అని ధైర్యం చెబుతూ వచ్చారు. మంచి మనసుతో చెప్పిందే. కానీ ఆమె దాన్ని "పాపం, నా కష్టం చూడలేక అంటున్నారు" అని తీసుకున్నారు.

మూడోది ఆమె సొంతంగా మొదలుపెట్టింది. రోజూ పొద్దున "నేను సమర్థురాలిని" అని నోట్‌బుక్‌లో రాసుకునేవారు. రాసిన ప్రతిసారీ దిగులు ఎక్కువయ్యేదని చెప్పారు. ఇది వింత కాదు. జోఆన్ వుడ్, ఆమె సహ పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ మీద తమకు చిన్నచూపు ఉన్నవాళ్లు ఇలాంటి పొగడ్త వాక్యాన్ని తమకు తామే చెప్పుకుంటే మనసు తేలికపడకపోగా ఇంకా కుంగింది. లోపల ఒప్పుకోని మాటను పైకి అంటుంటే, అది కాదనడానికి కారణాలు లోపల ఒక్కొక్కటే లేస్తాయి.

మేం మొదలుపెట్టిన పద్ధతి, దానికి దొరికిన సగం ఫలితం

మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో రాసిన ప్రకారం, ఒక పని చేయగలననే నమ్మకానికి నాలుగు దారులున్నాయి: సొంతంగా సాధించిన అనుభవం, తనలాంటివాళ్లు చేయగా చూడటం, ఇతరులు చెప్పే మాట, ఆ సమయంలో ఒంట్లో కలిగే అలజడిని మనిషి అర్థం చేసుకునే తీరు. వీటిలో బలమైనది మొదటిదే. అందుకే మాటలు పక్కన పెట్టి, పనులతో మొదలుపెట్టాం.

పనులను చిన్న చిన్న ముక్కలు చేశాను. ఇందులోనూ ఒక ఆధారం ఉంది. బండూరా, డేల్ షంక్ 1981లో లెక్కల్లో వెనకబడిన పిల్లలతో తీసివేతలు చేయించారు. మొత్తం 42 పేజీలు, 7 పూటలు. కొందరికి పూటకు 6 పేజీలని లక్ష్యం చెప్పారు, కొందరికి చివరికల్లా మొత్తం పూర్తిచేయమన్నారు. దగ్గరి లక్ష్యం ఉన్న పిల్లలకు లెక్కలూ బాగా వచ్చాయి, చేయగలమన్న నమ్మకమూ పెరిగింది, లెక్కల మీద ఆసక్తీ కలిగింది. మా పని కూడా అదే తీరులో: ఈ వారం ఒక్క షీటు, ఈ ఒక్క రకం ఫార్ములా.

వేగం పెరిగింది. తప్పులు తగ్గాయి. మేనేజర్ సంతోషించారు. నమ్మకం అంకెలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఎందుకని అడిగితే ఆమె చెప్పిన కారణాలు వరసగా రాసుకున్నాను. "అది తేలికైనది కదండీ." "తమ్ముడు చూశాడు కదండీ." "మీరు పక్కనే ఉన్నారు కదండీ." గెలుపు వస్తోంది, కానీ ఆమె ఖాతాలో పడటం లేదు. ప్రతిదీ ఇంకొకరి ఖాతాకు జమ అవుతోంది. బండూరా కూడా ఇదే హెచ్చరిస్తారు: బయటి సాయంతో వచ్చిన గెలుపును మనిషి ఆ సాయానికే ఆపాదిస్తే, నమ్మకం పెద్దగా పెరగదు. పనులు ఇంకా తేలిక చేయడం, ఇంకా ఎక్కువ చేయించడం ఇక్కడ మందు కాదు. తెగిన లంకె పనికీ ధైర్యానికీ మధ్య ఉన్న మెట్టు దగ్గర, అంటే "ఇది నేను చేసిందే" అని ఒప్పుకునే చోట.

నిర్ణయాలు, వాటి వెనక ఆలోచన

మొదట తట్టే ఉపాయం, పక్క సీటు కుర్రాడిని సాయం చేయొద్దనడం. మేనేజర్ కూడా అదే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆమె చేస్తున్నవి నిజం రిపోర్టులు, నెలాఖరున పైకి వెళ్లేవి. ఒక్కసారిగా ఆసరా తీసేస్తే, భయంలో చేసిన ఒక పెద్ద తప్పు చాలు, మళ్లీ నెలలు వెనక్కి పోతాం. పైగా అడగడం తప్పు కాదు. ఆఫీసులో అడిగి తెలుసుకునేవాళ్లే త్వరగా నేర్చుకుంటారు. చిక్కంతా ఆమె అడిగే వేళలో ఉంది. తన మనసు ఏమంటోందో చూసుకోకముందే అడుగుతున్నారు.

కాబట్టి సాయాన్ని ఆపకుండా దాని క్రమం మార్చాం. కుర్రాడిని పిలవకముందే ఒక నోట్‌బుక్‌లో మూడు రాయాలి: ఏం చేశాను, ఏ జవాబు వస్తుందనుకున్నాను, అది సరైనదని ఎంత నమ్మకం. ఆ తర్వాత ఎంతైనా అడగొచ్చు. కుర్రాడికి ఇంకో షరతు: తప్పో ఒప్పో చెప్పకూడదు, "మీరు దీన్ని ఎలా చెక్ చేస్తారక్కా?" అని మాత్రమే అడగాలి. నిజం చెప్పాలంటే ఆమెకన్నా అతనికే ఇది కష్టమైంది. చూసీ చూడగానే "కరెక్టే" అనడం అతనికి అలవాటు, అందులో కాస్త ఆనందం కూడా ఉంది.

కొన్ని వారాలకు ఆ నోట్‌బుక్ ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. నేను ఏమీ వివరించలేదు, లెక్క ఆమెనే తీయమన్నాను. నమ్మకం ముప్పై, నలభై అని రాసుకున్న వాటిలో దాదాపు అన్నీ సరైనవే. ఆమె పేజీలు వెనక్కి తిప్పి మళ్లీ లెక్కపెట్టారు. ఎదుటివాళ్ల మాటను దయగా కొట్టిపారేయొచ్చు. తన చేత్తో తాను రాసుకున్న అంకెలను కొట్టిపారేయడం ఒక అకౌంటెంట్‌కు అంత సులువు కాదు.

ఆ నోట్‌బుక్‌లో నేను ఊహించనిది కూడా ఒకటి దొరికింది. ఆమె ఎనభై వేసుకున్న ఒక చోట జవాబు తప్పు. వీలుకప్‌లో చివరి భాగం రాయకుండా వదిలేశారు. అలా వదిలేస్తే ఎక్సెల్ అచ్చంగా అదే కోడ్ కోసం చూడదు, దగ్గరగా ఉన్నదానితో సరిపెడుతుంది. మొదటి కాలమ్ వరస క్రమంలో లేకపోతే ఎక్కడిదో తెచ్చి పెడుతుంది, చాలాసార్లు ఎర్రర్ కూడా చూపించదు. పేరు వచ్చింది కదా అని ఆమె నమ్మేశారు. ఈ ఒక్కదానికి చాలా సమయం ఇచ్చాం. ధైర్యం పెంచడమే లక్ష్యమనుకుంటే ఇలాంటివి చూసీ చూడనట్టు పోతాం. కావాల్సింది సరైన చోట పెరిగి, సరైన చోట తగ్గే నమ్మకం. ఆ రోజు నుంచి "ఎర్రర్ రాలేదు" అన్నదాన్ని ఆమె రుజువుగా తీసుకోవడం మానేశారు.

అయినా భయం పూర్తిగా పోలేదు. ఒకరోజు సూటిగా అడిగాను: "సరే, తప్పు జరిగిందనుకోండి. ఏమవుతుంది?" మేనేజర్ తిడతారనో, పరువు పోతుందనో అంటారనుకున్నాను. "ఏమవుతుందో కాదండీ. ఎక్కడ చెడిందో నాకు తెలీదు. అదే భయం" అన్నారు. లెడ్జర్‌లో తప్పు జరిగితే ఏ పేజీలో వెతకాలో ఆమెకు తెలుసు. ఇక్కడ ఒక గడిలో చేసిన మార్పు ఇంకెక్కడో బద్దలవుతుంది. అంటే ఆమెకు లేనిది ఫార్ములా రాసే నైపుణ్యం కాదు, చెడినదాన్ని బాగుచేసుకునే నైపుణ్యం. కోర్సులో దీన్ని ఎవరూ నేర్పలేదు. నేర్పేవాళ్లందరూ తప్పు రాకుండా చేయడమే నేర్పుతారు.

ఇక్కడి నుంచి దారి మార్చాం. మనస్తత్వవేత్త మైకేల్ ఫ్రీస్, ఆయన సహచరులు కంప్యూటర్ శిక్షణలోనే మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది. నేర్చుకునేవాళ్లను తప్పులు చేయనిచ్చి, "తప్పు వచ్చిందా, మంచిదే, ఇప్పుడు దీన్నుంచి తెలుసుకోవచ్చు" అని ముందే చెబుతారు. ముఖ్యంగా కొత్త రకం పని ఎదురైనప్పుడు, అడుగడుగూ చెప్పించుకుని నేర్చుకున్నవాళ్లకన్నా ఇలా నేర్చుకున్నవాళ్లు బాగా చేస్తారని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. మేం రిపోర్టు ఫైలుకు కాపీ తీసి, దాన్ని కావాలని పాడుచేయడం మొదలుపెట్టాం. ఒక కాలమ్ డిలీట్ చేస్తే ఫార్ములాలన్నీ #రెఫ్! (చూడాల్సిన గడి లేదు) అని అరుస్తాయి. డాలర్ గుర్తులు తీసేసి కిందికి లాగితే పైవరసలు బాగుండి, కిందివి #ఎన్/ఏ (వెతికింది దొరకలేదు) అంటాయి. ముందు నేను పాడుచేసి ఇచ్చేదాన్ని. తర్వాత ఆమే పాడుచేసి, మర్నాడు తానే బాగుచేసేవారు.

ఒకసారి రెండు షీట్లలోనూ ఒకేలా కనిపిస్తున్న కోడ్‌కు #ఎన్/ఏ వస్తోంది. ఆమె ఎవరినీ పిలవలేదు. పక్క గడిలో లెన్ ఫంక్షన్ పెట్టి అక్షరాలు లెక్కపెట్టించారు. ఆరక్షరాల కోడ్‌కు ఏడు అని వచ్చింది. "చివర ఖాళీ ఉంది, దొంగ!" అని, అదనపు ఖాళీలను తీసేసే ట్రిమ్ ఫంక్షన్ వేసి సరిచేశారు. నోట్‌బుక్‌లో ఆ పనికి ముందు వేసుకున్న అంకె డెబ్బై.

ఇంకో చిన్న మార్పు అనుకోకుండా పనికొచ్చింది. కుర్రాడి వేళ్లు కీబోర్డు మీద పరిగెత్తడం చూసి ఆమె ఇంకా కుంచించుకుపోయేవారు. ఆరితేరినవాళ్లను చూస్తే నేర్చుకుంటారని మనం అనుకుంటాం, కానీ తడబడి తేరుకునేవాళ్లను చూడటమే భయపడేవాళ్లకు ఎక్కువ మేలు చేస్తుంది. అతన్ని తనకు కష్టంగా ఉన్న ఒక ఫైలు ఆమె పక్కన కూర్చుని చేయమన్నాను. అతనికీ #ఎన్/ఏ వచ్చింది. తల గోక్కున్నాడు, రెండు మూడు చోట్ల వెతికాడు, నెట్‌లో చూశాడు. "నీకూ వస్తుందా ఇది?" అన్నారామె. "రోజూ వస్తుందక్కా" అన్నాడు.

వెనకడుగు

ఒక నెలాఖరున రెండు మొత్తాలు కలవలేదు. ఆ రోజంతా ఆమె పాత మనిషే అయిపోయారు. ప్రతి గడికీ కుర్రాడిని పిలిచారు, నోట్‌బుక్ తెరవలేదు. మర్నాడు మాట్లాడితే, "గుండె దడదడలాడిందండీ, అంటే నాకు రాదనే కదా" అన్నారు. నెలాఖరున దడ మేనేజర్‌కూ ఉంటుంది, కుర్రాడికీ ఉంటుంది. దడ వచ్చిందంటే పని ముఖ్యమైనదని అర్థం, పని రాదని కాదు. ఈ సంగతి మాటగా చెబితే నిలవదని, దడ ఉన్న రోజుల్లో చేసిన పనులకు నోట్‌బుక్‌లో ఒక చుక్క పెట్టమన్నాను. చుక్క ఉన్న రోజుల జవాబులూ మిగతా రోజుల్లాగే సరిగ్గా ఉన్నాయని ఆమెకు కనబడటానికి మరో నెలాఖరు పట్టింది.

ఏం మారింది

రోజూ చేసే పనులకు నమ్మకం అంకెలు డెబ్బై, ఎనభైలకు చేరాయి. అడగడం ఆగలేదు, కానీ ప్రశ్నలు మారాయి. "ఇది కరెక్టేనా?" పోయి, "నేను ఇలా చెక్ చేశాను, ఇంకో దారి ఉందా?" వచ్చింది. నాకు అంకెలకన్నా బలమైన రుజువు ఇంకొకటి: ఎవరూ చెప్పకుండానే ఆమె పివట్ టేబుల్ (పెద్ద షీటును సారాంశంగా చూపే పట్టిక) నేర్చుకోవడం మొదలుపెట్టారు. రాదనుకున్నంతకాలం కొత్తవాటి జోలికి వెళ్లలేదు. చెడితే బాగుచేసుకోగలనని తెలిశాక తనంతట తానే వెళ్లి గెలికారు. గెలికితే పని వచ్చింది, వచ్చిన పని ఈసారి ఆమె ఖాతాలోనే పడింది. ముందు వద్దన్న చిన్న రిపోర్టు బాధ్యత ఇప్పుడు ఆమెదే.

మారనిదీ ఉంది. మీటింగ్‌లో ఆ రిపోర్టు వివరించమంటే ఇప్పటికీ కుర్రాడిని ముందుకు తోస్తారు. షీటు ముందు వచ్చిన ధైర్యం దానంతట అది మీటింగ్ గదిలోకి నడిచి రాదు. అది వేరే నైపుణ్యం, దానికి వేరే నోట్‌బుక్ కావాలి.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

ఒక్క కేసును బట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేం. కాలం గడవడం కూడా కొంత పనిచేసి ఉంటుంది. అయినా ఇప్పుడు ఎవరు వచ్చినా "మీకు ఏం రాదు?" అని మొదలుపెట్టను. "కిందటి వారం సరిగ్గా చేసిన పని ఒకటి చెప్పండి, అది ఎవరి వల్ల సరిగ్గా వచ్చింది?" అని అడుగుతాను. జవాబులో వాళ్ల పేరు లేకపోతే ఇంకో కోర్సు సిఫారసు చేయను. పేరు ఉండి, పని నిజంగానే రాకపోతే కోర్సే సరైనది, నోట్‌బుక్‌తో కాలయాపన అనవసరం.

కావాలని పాడుచేయించే పద్ధతికి ఒక హద్దు ఉంది. ఇక్కడ ఫైలుకు కాపీ తీసుకునే వీలుంది కాబట్టి చేయగలిగాం. తప్పు వెనక్కి తీసుకోలేని పనుల్లో, అంటే మందులు ఇచ్చేవాళ్లు, కరెంటు లైన్ల మీద పనిచేసేవాళ్ల దగ్గర, సిమ్యులేషన్ (నిజం పనిని పోలిన ఉత్తుత్తి సాధన) లేకుండా దీన్ని వాడకూడదు. అలాగే సాయం చేసే సహోద్యోగిని మొదటిరోజే కూర్చోబెట్టి మాట్లాడండి. "కరెక్టే అక్కా" అన్న మాట మింగేయడం అతనికి ఎంత కష్టమో ముందే తెలిస్తే, రెండో వారంలో అతను పాత అలవాటుకు జారిపోయినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు.